గంట విమానం, నాలుగున్నర గంటల ప్రయాణం: బెజవాడ నుంచి హైదరాబాద్ అసలు ఎంత దూరం?

మా మేనల్లుడికి హైదరాబాద్‌లో ఉద్యోగం. ఆఫీసు పని మీద ఒకరోజు విజయవాడ వచ్చి వెళ్లాడు. వచ్చేటప్పుడు రైలు, వెళ్లేటప్పుడు ఫ్రెండ్ కారు. వెళ్లిన మూడో రోజు ఫోన్ చేశాడు.

"మావయ్యా, ట్రావెల్ బిల్లులో కిలోమీటర్లు రాయాలంట. నెట్‌లో చూస్తే 250 అంటోంది. ఫోన్లో మ్యాప్ 275 అంటోంది. రైలు టికెట్ మీద 350 అని ఉంది. ఏది కరెక్టు?"

"మూడూ కరెక్టేరా" అన్నాను. ఏడిపిస్తున్నాననుకుని పెట్టేశాడు. కానీ మూడూ నిజంగా కరెక్టే. ఆ మాటకొస్తే నాలుగో అంకె కూడా ఒకటుంది, అది వాడికి కనపడలేదు.

ముందు 250 సంగతి. భూగోళం మీద రెండు బిందువుల మధ్య అతి తక్కువ దూరం అది. దారీ డొంకా, కొండా వాగూ ఏవీ పట్టించుకోకుండా గీసిన గీత. దీన్ని ఎవరూ టేపు పెట్టి కొలవరు. అక్షాంశ రేఖాంశాలతో లెక్కగడతారు. కావాలంటే మనమూ కాగితం మీద వేసుకోవచ్చు. విజయవాడలో బెంజి సర్కిల్ ప్రాంతం దాదాపు 16.51 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.65 డిగ్రీల తూర్పు రేఖాంశం. హైదరాబాద్ నడిబొడ్డున కోఠి, అబిడ్స్ వైపు 17.38, 78.49. అక్షాంశంలో తేడా 0.87 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి సుమారు 111 కి.మీ. చొప్పున 97 కి.మీ. ఉత్తరానికి జరగాలి. రేఖాంశంలో తేడా 2.16 డిగ్రీలు. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి మన దగ్గర డిగ్రీకి 106 కి.మీ.యే వస్తుంది. అంటే పడమరకు 230 కి.మీ. ఇక మిగిలింది హైస్కూల్లో చదువుకున్న పైథాగరస్ సూత్రమే. 97 వర్గం, 230 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 250కి ఒకటీ అరా తేడాతో వస్తుంది. వేల కిలోమీటర్ల దూరాలకైతే భూమి గుండ్రతనాన్ని లెక్కలోకి తెచ్చే పెద్ద సూత్రం వాడాలి. మన పక్కింటి ఊళ్లకు ఇది చాలు.

275 రోడ్డు దూరం. 65వ నంబరు జాతీయ రహదారి. పాతవాళ్లకు ఇప్పటికీ ఇది 9వ నంబరే. గొల్లపూడి, ఇబ్రహీంపట్నం, కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట, కోదాడ, సూర్యాపేట, నకిరేకల్, నార్కెట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్, హయత్‌నగర్. గీత కంటే పదో వంతు మాత్రమే ఎక్కువ. ఇది చాలా తిన్నటి రోడ్డు కిందే లెక్క. ఇబ్రహీంపట్నం దగ్గర కొండపల్లి కొండలను తప్పించుకోవడం మినహా దారిలో పెద్ద అడ్డంకులు లేవు. ఉన్నవి పాలేరు, మూసీ లాంటి నదులే, వాటికి వంతెనలున్నాయి. బెంగళూరుతో పోల్చి చూడండి. విజయవాడ నుంచి బెంగళూరుకు గీత గీస్తే 510 కి.మీ. దాకా వస్తుంది, రోడ్డు మాత్రం 650కి అటూ ఇటూ ఉంటుంది. మధ్యలో నల్లమల, తూర్పు కనుమలు కూర్చున్నాయి మరి.

350 రైలు దూరం. ఇది ఎందుకు అంత పెరిగిందో తెలియాలంటే నిజాం కాలానికి వెళ్లాలి. నిజాం హామీతో నడిచిన రైల్వే కంపెనీ సికింద్రాబాద్ నుంచి వరంగల్ దాకా పట్టాలు వేసి, అక్కడి నుంచి డోర్నకల్, ఖమ్మం మీదుగా 1889లో బెజవాడకు చేర్చింది. వరంగల్ పెద్ద ఊరు. డోర్నకల్ పక్కన ఇల్లెందు బొగ్గు గనులు. బొగ్గు కావాలి, రేవు వైపు దారి కావాలి. మనం గబగబా హైదరాబాద్ వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలన్నది వాళ్ల ఆలోచనలో లేనే లేదు. అందుకే రైలు నేరుగా పడమరకు పోకుండా ఉత్తరానికి ఎక్కి, కాజీపేట దగ్గర మలుపు తిరిగి, కిందికి దిగుతుంది. తమాషా ఏమిటంటే, రైలు పట్టాల మీద మనకు హైదరాబాద్, విశాఖపట్నం సమాన దూరంలో ఉన్నాయి. 2023 జనవరిలో మొదలైన సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ మొత్తం మార్గం 699 కి.మీ., దానికి సరిగ్గా నడుమ విజయవాడ. గీత గీస్తే మాత్రం విశాఖ 300, హైదరాబాద్ 250.

ఇక నాలుగో అంకె. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

విమానం బెంజి సర్కిల్‌లో లేవదు, కోఠిలో దిగదు. గన్నవరంలో లేచి శంషాబాద్‌లో దిగుతుంది. గన్నవరం ఎక్కడుంది? ఏలూరు వైపు, ఊరికి తూర్పున 20 కి.మీ. దూరంలో. హైదరాబాద్ పడమర. అంటే విమానం ఎక్కాలంటే ముందు హైదరాబాద్‌కు వీపు చూపించి 20 కి.మీ. వెనక్కి పోవాలి. శంషాబాద్ ఎక్కడుంది? మన వైపున్న ఎల్బీ నగర్ దగ్గర కాదు. నగరానికి నైరుతిగా, మనకు ఆవలి పక్కన. రెండు విమానాశ్రయాలూ ఒకదానికొకటి దూరం జరిగి కూర్చున్నాయన్నమాట. అక్షాంశ రేఖాంశాలతో లెక్కవేస్తే వాటి మధ్య దూరం సుమారు 264 కి.మీ. వస్తుంది. ఊరి నుంచి ఊరికి ఉన్న 250 కంటే ఎక్కువ! బేగంపేటలో విమానాలు దిగే రోజుల్లో హైదరాబాద్ వైపు బాధ లేదు, దిగితే ఊళ్లోనే దిగినట్టు. 2008 మార్చిలో శంషాబాద్ మొదలయ్యాక ఆ సుఖం పోయింది. నగరం మధ్య రన్‌వే పెంచడానికి చోటు లేదు కాబట్టి అది తప్పనిసరే. కానీ దూరం లెక్కల్లో దాని ఖరీదు ప్రయాణికుడే కడుతున్నాడు.

దూరం తేలింది. కాలం దగ్గరికి వద్దాం.

ఈ దారిలో ఎక్కువగా తిరిగేది ఏటీఆర్ విమానం. రెండు ప్రొపెల్లర్లు, 70కి పైగా సీట్లు. పైకి వెళ్లి నిలకడగా ఎగిరేటప్పుడు దాని వేగం గంటకు 500 కి.మీ. పైమాటే. 264 కి.మీ.కి అరగంట చాలాలి కదా? టికెట్ మీద మాత్రం గంట దాటి ఉంటుంది. చాలామంది ఇక్కడే కంగారు పడతారు.

టికెట్ మీద రాసేది గాల్లో ఉండే సమయం కాదు. విమానం నిలబడిన చోట నుంచి చక్రాలు కదిలిన క్షణం మొదలు, అవతలి ఊళ్లో చక్రాలు ఆగేదాకా. నిలబడిన చోటు నుంచి రన్‌వే దాకా నడవాలి. ముందు ఇంకో విమానం ఉంటే ఆగాలి. లేచాక వెంటనే పూర్తి వేగం రాదు, ఎక్కుతున్నంతసేపూ వేగం తక్కువే. ఇంత చిన్న దూరంలో ఎక్కడం అయిపోయి కాస్త నిలకడగా ఎగిరేలోపు దిగడం మొదలుపెట్టాలి. పూర్తి వేగంతో పోయే ముక్క దారిలో కొంతే. పైగా శంషాబాద్ రద్దీ విమానాశ్రయం. ముందు ఎవరు దిగాలో, వెనక ఎవరో కంట్రోల్ టవర్ వరస కడుతుంది, ఒక్కోసారి చుట్టు తిరిగి రమ్మంటుంది. ఇవన్నీ ఊహించే కంపెనీలు టికెట్ సమయంలో కొన్ని నిమిషాలు ముందే కలిపి పెట్టుకుంటాయి. అంతా సజావుగా జరిగితే 'పది నిమిషాలు ముందే చేరుకున్నాం' అని మైకులో చెప్పుకోవచ్చు.

గాలి సంగతి కూడా ఉంది. విమానం మామూలుగా గాలికి ఎదురుగా లేస్తుంది, గాలికి ఎదురుగానే దిగుతుంది. గాలిపటం ఎగరేసినవాడికి దీన్ని వివరించక్కర్లేదు. గన్నవరంలోనూ శంషాబాద్‌లోనూ రన్‌వేలు దాదాపు తూర్పు పడమరలుగా ఉంటాయి. నైరుతి రుతుపవనాల కాలంలో పడమటి గాలి వీస్తుంటే విమానం పడమరకే, అంటే హైదరాబాద్ వైపే లేస్తుంది. అవతల కూడా తూర్పు నుంచి వచ్చి తిన్నగా దిగుతుంది. ఒక్క మలుపు ఎక్కువ ఉండదు. అదే తూర్పు గాలి వీచే రోజుల్లో ఏలూరు వైపు లేచి, గాల్లో వెనక్కి తిరిగి, హైదరాబాద్ చేరాక విమానాశ్రయాన్ని దాటి ముందుకు పోయి, మళ్లీ తిరిగి దిగాలి. అదే విమానం, అదే దూరం, పది నిమిషాల తేడా. ఇక డిసెంబరు, జనవరిల్లో పొద్దున్నే గన్నవరం మీద పొగమంచు కమ్మితే నిమిషాల లెక్క పక్కన పెట్టేయాల్సిందే.

ఇప్పుడు ఇంటి గుమ్మం నుంచి చూద్దాం. బెంజి సర్కిల్ దగ్గర ఇల్లనుకోండి. గన్నవరానికి 40 నిమిషాలు. చెకిన్ కౌంటర్ దాదాపు గంట ముందే మూసేస్తారు కాబట్టి, టెన్షన్ లేకుండా ఉండాలంటే గంటన్నర ముందుండాలి. విమానం గంటా పది నిమిషాలు. దిగి, బ్యాగు తీసుకుని, క్యాబ్ ఎక్కేసరికి 25 నిమిషాలు. ఇక్కడికే మూడు గంటల 45 నిమిషాలు. అక్కడి నుంచి ఎల్బీ నగర్ ఇంటికి ఇంకో 45. మొత్తం నాలుగున్నర గంటలు. అందులో నిజంగా గాల్లో ఉన్నది ముప్పావు గంట. ఆరో వంతు! మిగతా అయిదు వంతులూ క్యాబ్‌లో, క్యూలో, కుర్చీలో.

కారులో? ఊరు దాటడం, ఊరు చేరడం కలిపి 25 కి.మీ. ఉంటుంది. అది గంట తింటుంది. బెజవాడది పుట్టుకతో వచ్చిన ఇరుకు. కృష్ణమ్మ కొండకు బెజ్జం చేసుకుని వెళ్లిందని, అందుకే బెజ్జంవాడ అని చెప్పుకునే ఊరు ఇది. ఒకవైపు ఇంద్రకీలాద్రి, ఒకవైపు నది, మధ్యలో హైవే. 2020 అక్టోబరులో కనకదుర్గ ఫ్లైఓవర్ తెరిచాకే హైదరాబాద్ బండ్లకు గుడి కింద ఇరుక్కునే బాధ తగ్గింది. మిగతా 250 కి.మీ. హైవే మూడు గంటలు. సూర్యాపేట దాదాపు సగం దారి, అక్కడ టీ, టిఫిను అరగంట. అదీ నాలుగున్నర గంటలే.

ఆ లెక్కలో ఒక విషయం గమనించండి. 25 కి.మీ.కి గంట, 250 కి.మీ.కి మూడు గంటలు. దారిలో పదకొండో వంతు ముక్క, నడిపిన కాలంలో నాలుగో వంతు లాగేసుకుంది. సగటు వేగాన్ని ఎప్పుడూ నెమ్మది ముక్కే నిర్ణయిస్తుంది. హైవే మీద యాక్సిలరేటర్ తొక్కి ఆ లోటు పూడ్చేద్దామనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. 250 కి.మీ. 80 వేగంతో పోతే మూడు గంటల ఏడు నిమిషాలు. 100తో పోతే రెండున్నర గంటలు. 37 నిమిషాలు మిగిలాయి, బాగుంది. మళ్లీ ఇంకో 20 పెంచి 120కి ఎక్కితే? రెండు గంటల అయిదు నిమిషాలు. ఈసారి మిగిలింది 25 నిమిషాలే. వేగం పెంచేకొద్దీ మిగిలేది తగ్గిపోతుంది, ప్రమాదం మాత్రం పెరుగుతూ పోతుంది. నాలుగు వరసల హైవే మీద కార్లకు వేగ పరిమితి ఎలాగూ 100. ఆ 25 నిమిషాల కోసం ప్రాణం మీదికి తెచ్చుకునేవాళ్లు సూర్యాపేటలో రెండో టీ మానేస్తే సరిపోతుంది.

ఎల్బీ నగర్‌కైతే విమానం, కారు సమానం. మరి కూకట్‌పల్లికి? 'హైదరాబాద్' అనే మాట ఇక్కడే మనల్ని మోసం చేస్తుంది. ఎల్బీ నగర్ నుంచి మియాపూర్ దాకా మెట్రో లైనే 29 కి.మీ. అదంతా అక్కడ ఒకే ఊరి లోపల! కూకట్‌పల్లి వాడికి కారులో ఇంకో గంట పడుతుంది. శంషాబాద్ నుంచైతే ఎల్బీ నగర్ కన్నా పావుగంటో ఇరవై నిమిషాలో ఎక్కువ, అంతే. కాబట్టి ఆ వైపు వాళ్లకు విమానం గెలుస్తుంది, ఈ వైపు వాళ్లకు కారు. బంధువులందరూ ఒకే పెళ్లికి వెళ్తూ కూడా 'విమానమే మేలు', 'కారే మేలు' అని వాదించుకుంటారంటే, ఒకరిల్లు ఉప్పల్‌లో, ఒకరిల్లు గచ్చిబౌలిలో ఉంటుంది.

రైలును తీసిపారేయకండి. అన్నిటికంటే పొడవైన 350 కి.మీ. దారిని వందే భారత్ నాలుగు గంటలకు కాస్త అటూ ఇటూగా చేరుస్తుంది. సగటు 87 కి.మీ. మన కారు సగటు, టీతో కలిపి, 61. చెకిన్ లేదు, బండి రావడానికి పావుగంట ముందు ప్లాట్‌ఫాం మీదుంటే చాలు, స్టేషన్ ఊరి నడుమే ఉంది. సికింద్రాబాద్, తార్నాక వైపు ఇల్లయితే విమానంతో దీటుగా వస్తుంది. ఇబ్బందల్లా దాని వేళలు మనకు కుదరకపోవడం, టికెట్ దొరక్కపోవడం.

పైన చెప్పిన లెక్కలన్నీ మామూలు రోజులవి. సంక్రాంతికి ఇవేవీ పనికిరావు. చౌటుప్పల్ దగ్గర పంతంగి, తర్వాత కొర్లపహాడ్, మన వైపు చిల్లకల్లు. ఈ మూడు టోల్‌ప్లాజాల పేర్లు హైదరాబాద్‌లో ఉండే ప్రతి ఆంధ్రా కుటుంబానికీ కంఠతా వచ్చు. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయినా భోగి ముందు రోజుల్లో బార్లు తీరతాయెందుకు? దసరాకు దుర్గమ్మ కొండ మీద క్యూ చూసినవాళ్లకు అర్థమవుతుంది. నిమిషానికి వందమందిని లోపలికి పంపగలిగే గుమ్మం దగ్గరికి నిమిషానికి 90 మంది వస్తే క్యూ కాస్త కదులుతూనే ఉంటుంది. 110 మంది రావడం మొదలైతే నిమిషానికి పదిమంది చొప్పున మిగిలిపోతారు. గంటకు 600 మంది. వచ్చేది 20 మందే పెరిగారు, నిరీక్షణ మాత్రం అయిదు నిమిషాల నుంచి గంటల్లోకి పోతుంది. మూలా నక్షత్రం రోజు జరిగేది అదే, పంతంగిలో జరిగేదీ అదే. ఫోన్లో మ్యాప్ బయల్దేరేటప్పుడు అయిదు గంటలని చెప్పి, దారి పొడవునా పెంచుకుంటూ పోయేది కూడా ఇందుకే. వెనక నుంచి ఇంకా ఎన్ని వేల బండ్లు వచ్చి కలవబోతున్నాయో దానికి పూర్తిగా తెలియదు కదా.

వానాకాలానిది ఇంకో కథ. 2023 జులైలో మున్నేరు పొంగి నందిగామ పక్కన ఐతవరం దగ్గర హైవే మీదికి వచ్చింది. బండ్లను నార్కెట్‌పల్లి దగ్గరే తిప్పి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, గుంటూరు మీదుగా పంపారు. 2024 సెప్టెంబరు మొదట్లో, బుడమేరు విజయవాడను ముంచిన రోజుల్లో, అటు కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, ఇటు హైవే కూడా తెగింది. 250, 275, 350 అన్నీ ఒకేసారి అర్థం లేని అంకెలైపోయాయి.

ఆ పిడుగురాళ్ల దారి గుంటూరు వాళ్లకు మామూలు దారే. గుంటూరు నుంచి హైదరాబాద్‌కు గీత గీస్తే 240 కి.మీ., అంటే మనకంటే వాళ్లే కాస్త దగ్గర. కానీ విమానం ఎక్కాలంటే విజయవాడ దాటి గన్నవరం రావాలి, 50 కి.మీ. పైమాటే. అంతసేపట్లో కారు పిడుగురాళ్ల దరిదాపుల్లో ఉంటుంది. గుంటూరు నుంచి హైదరాబాద్‌కు విమానంలో వెళ్తానన్నవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు.

అసలు విమానం ఎప్పుడు లాభం? దాని ఖర్చంతా మొదట్లోనూ చివర్లోనూ ఉంటుంది. గన్నవరం చేరడం, ఆగడం, దిగడం, క్యాబ్ ఎక్కి ఇల్లు చేరడం. ఇది దాదాపు మూడున్నర గంటల స్థిర ఖర్చు. హైదరాబాద్ వెళ్లినా ఢిల్లీ వెళ్లినా అంతే. దూరం పెరిగేకొద్దీ పెరిగేది మధ్యలో ఎగిరే కాస్త సమయమే. రోడ్డుకు స్థిర ఖర్చు తక్కువ, దూరంతోపాటు పెరిగేది ఎక్కువ. అందుకే బెంగళూరుకు పోటీయే లేదు. అక్కడి విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి ఊరికి ఎంత దూరమున్నా సరే, విమానంలో అయిదున్నర గంటల్లో ఇంట్లో ఉంటారు, రోడ్డు మీద పదకొండు పన్నెండు గంటలు. విశాఖ 350 కి.మీ., అక్కడ తక్కెడ విమానం వైపు కొంచెం మొగ్గుతుంది. హైదరాబాద్ సరిగ్గా అటూ ఇటూ ఊగే చోట ఉంది. రాత్రి బస్సు ఎక్కి పడుకుని పొద్దున్నే దిగేవాడికి మాత్రం ఈ తక్కెడతో పనిలేదు. వాడు గంటలు లెక్కపెట్టడు, నిద్ర పట్టిందా లేదా అనే చూసుకుంటాడు. లక్షలమంది చేసేది అదే.

మేనల్లుడు చివరికి నా మాటే నమ్మి బిల్లు పెట్టాడట. వచ్చేటప్పుడు 350, వెళ్లేటప్పుడు 275. వాళ్ల అకౌంట్స్ వాళ్లు పిలిచి, రానూ పోనూ ఒకే ఊరికి 75 కి.మీ. తేడా ఎలా వచ్చిందని అడిగితే, నా ఫోన్ నంబర్ ఇచ్చాడు.